లండను ఫెలోషిప్పూ, మా మామ ట్రంకుపెట్టే

"కూర్చోబెట్టి జీతమిస్తారా? ఇచ్చి యేం నేయిస్తారు సారూ?" అని అడిగాడు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న పెద్దాయన.

"ఏమీ నేయించరు. పుస్తకం రాయిస్తారు" అన్నాను.

"దేనిమీద?"

"బ్రిటిషువాళ్ళ చిత్రకళమీద. దొరలు గీసిన పటాలూ, కట్టిన మేడలూ – వాటి చరిత్రమీద. అదీ కుర్రవాళ్ళకు కాదు. ఆ విద్యలో తల నెరిసినవాళ్ళకు."

ఆయన నాడె ఆపి నావంక చూశాడు. పరిహాసమాడుతున్నానేమోనని అనుమానపడ్డట్టున్నాడు. పడడూ మరి! అది రాజోలిలో కూర్చుని చెప్పుకోవలసిన మాటలా వుందా?

రాజోలి యెక్కడో చదువరులందరికీ తెలిసి వుండకపోవచ్చు. కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న నేలను మావైపు నడిగడ్డ అంటారు. ఆ నడిగడ్డలో, తుంగభద్ర వొడ్డున, గద్వాల జిల్లాలో వుంది మా వూరు. వొక పాత కోట, కోటలో గుడి, వీధివీధినా మగ్గాల చప్పుడు. గద్వాల చీరె అని మీ ఇంట్లో ఆడవాళ్ళు దాచుకునే చీరెల్లో కొన్నయినా మా వూళ్ళో నేసినవై వుంటాయి. నూలు వొళ్ళు, పట్టు అంచు. రెంటినీ కలిపేచోట పోగుకు పోగు చేత్తో మెలివేయాలి. ఆ కలిపిన చోటు కంటికి ఆనకూడదు. అదీ మావాళ్ళ పనితనం.

అలాంటి వూరికీ బ్రిటిషు కళాచరిత్రకూ చుట్టరికం యేమిటని అడుగుతారు కదూ? అది చెప్పాలంటే మా మేనమామ సంగతి చెప్పాలి.

ట్రంకుపెట్టెలో దొర

మా మామ నేతవారింట పుట్టినా మగ్గం దిగి డ్రాయింగు మాస్టరయ్యాడు. నది అవతల వొక హైస్కూల్లో ముప్పయి యేళ్ళు పిల్లలకు కుండలూ ఆకులూ గీయడం నేర్పాడు. సెలవులకు రాజోలి వచ్చి, ఇంట్లో వాళ్ళకు చీరె అంచుల నమూనాలు గళ్ళ కాగితంమీద వేసి పెట్టేవాడు. రాత్రి భోజనాలయ్యాక మాత్రం మంచం కిందనుంచి ఆకుపచ్చ ట్రంకుపెట్టె లాగేవాడు. అందులో పదిహేడు నోటుబుక్కులు. అన్నిటి అట్టలమీదా నంబర్లు.

నేను కాలేజీలో చరిత్ర చదువుతున్న రోజుల్లో వొక రాత్రి ఆ పెట్టెలోంచి వొక పటం తీసి నా చేతికిచ్చాడు. ఏదో పత్రికలోంచి కత్తిరించిన రంగుల బొమ్మ. నడుమ యెర్ర కోటు వేసుకున్న ముసలి దొర. చుట్టూ ముగ్గురు మనవాళ్ళు. వొకరి చేతిలో దుర్భిణి, మరొకరి దగ్గర తాటాకులు. వెనుక దూరాన కొండమీద జైనుల గోమఠేశ్వరుడు.

"ఏం కనబడ్డాదిరా అల్లుడా?" అన్నాడు.

"మెకంజీ దొర కదూ మామా? కైఫీయతులు రాయించినాయన" అన్నాను, పాఠం వొప్పజెప్పినట్టు.

"దొర పేరు అందరికీ తెల్సు. పటం కింద రాసేవుంది గదా. తక్కిన ముగ్గురూ యెవురు?"

నేను నోరు మెదపలేదు. ఆ ముగ్గురూ యెవరన్నదే మా మామ పదిహేడు నోటుబుక్కుల సారాంశమని నాకు చాలా యేళ్ళదాకా తెలియదు.

పటంలో వున్నదెవరు?

ఆ చిత్తరువు వేసినవాడు థామస్ హిక్కీ. ఐర్లండు మనిషి. డబ్లిన్‌లో పుట్టి, దేశాలు తిరిగి తిరిగి, చివరికి మద్రాసులో స్థిరపడి 1824లో అక్కడే కన్నుమూశాడు. కర్నల్ కాలిన్ మెకంజీ పటాన్ని ఆయన 1816లో వేశాడు. ఇప్పుడది లండను బ్రిటిష్ లైబ్రరీలో వుంది. బ్రిటిషు చిత్రకళలో రూపచిత్రాలకు పెద్ద పీట. ఆ లెక్కన ఇది బ్రిటిషు కళాచరిత్రకు చెందిన పటమే. కాని పటంలో నలుగురుంటే ముగ్గురు మన దేశస్థులు!

మెకంజీ స్కాట్లండు దగ్గరి లూయిస్ దీవివాడు. 1783లో ఇండియాకు వచ్చి, 1815లో దేశం మొత్తానికి సర్వేయరు జనరల్ అయి, 1821లో చనిపోయాడు. ఆయన పోగుచేసిన రాతప్రతులూ, శాసనాల నకళ్ళూ, బొమ్మలూ, నాణేలూ అన్నిటినీ ఆయన భార్య దగ్గర కంపెనీ పదివేల పౌన్లకు కొన్నది. కాని ఆయనకు మన భాషలేవీ పట్టుబడలేదు. ఆయనకు చెవులూ నోరూ అయినవారు ఏలూరుకు చెందిన కావలివారు – వెంకట బొర్రయ్య, వెంకట లక్ష్మయ్య, వెంకట రామస్వామి అనే అన్నదమ్ములు. బొర్రయ్య నిండా ముప్పయి యేళ్ళు నిండకుండానే 1803లో పోయాడు. తర్వాత ఆ పనంతా లక్ష్మయ్య భుజాన పడింది. ఊరూరికీ మనుషులను పంపి, తాతలనాటి లెక్కలూ స్థలపురాణాలూ రాయించింది ఈయనే.

ఇక బొమ్మలు. అమరావతి స్తూపాన్ని మెకంజీ మొదట చూసింది 1798లో. మళ్ళీ 1816లో మనుషులతో వెళ్ళి రాళ్ళన్నీ గీయించాడు. ఆ తర్వాత యెన్ని రాళ్ళు సున్నంబట్టీల పాలయ్యాయో, యెన్ని సముద్రం దాటాయో మనకు తెలిసిందే. కొన్ని శిల్పాలకు ఇప్పుడు మిగిలింది ఆ గీతలే. వాటిని గీసినవాళ్ళందరూ దొరలు కారు. మురుగేశ మొదలియార్, ప్యారీలాల్ వంటి పేర్లు కూడా ఆ డ్రాయింగు మాస్టర్ల పట్టీలో వున్నాయి. "డ్రాయింగు మాస్టరు" అన్న మాట దగ్గర మా మామ నోటుబుక్కులో ఎర్ర సిరాతో రెండు గీతలు గీశాడు.

పటంలో వున్నవాళ్ళ సంగతి ఇంతకీ తేలలేదు. తాటాకులున్నాయన ధర్మయ్య అనే జైన పండితుడనీ, దుర్భిణి పట్టుకున్నవాడు కిష్ణాజీ అనే బంట్రోతనీ, మూడో ఆయన కావలివారిలో వొకరనీ పండితులు చెబుతారు. ఆ కావలి యెవరన్నదానిలో అందరిదీ వొకే మాట కాదు. మా మామ వాదం సూటిగా వుండేది. 1803లో పోయినవాడు 1816లో చిత్రకారుడి యెదుట యెలా నిలబడతాడు? కనుక ఆయన బొర్రయ్య కాదు, లక్ష్మయ్యే కావాలి. పాత బొమ్మేదైనా చూసి వేశాడంటావా, అయితే ఆ పాత బొమ్మ యేదో చూపించు అనేవాడు.

ఇది తేలాలంటే యేం కావాలి? హిక్కీ దస్త్రాలు చూడాలి. లండనులో, కలకత్తాలో, మద్రాసులో వున్న మెకంజీ కాగితాలు వొకదానిపక్కన వొకటి పెట్టాలి. తెలుగూ తమిళమూ కన్నడమూ చదవాలి. రంగుల విద్య తెలియాలి. వీటన్నిటికీ మించి తీరిక కావాలి. డ్రాయింగు మాస్టరు గారికి వేసవి సెలవులు తప్ప తీరికేదీ?

1836 నాటి దరఖాస్తు

లక్ష్మయ్యకూ సరిగా ఇదే చిక్కు వచ్చింది. దొర పోయాక ఆ పని ఆగిపోయింది. ముప్పయి యేళ్ళు ఆ కాగితాల మధ్య బతికిన మనిషి ఆయన. మద్రాసులో హిందూ లిటరరీ సొసైటీ నెలకొల్పి పెద్దమనుషులను కూడగట్టి, మెకంజీ వదిలిన పరిశోధన నేను సాగిస్తాను, నాకు అవకాశమివ్వండి అని కంపెనీ ప్రభుత్వాన్ని అడిగాడు. ఇప్పటి మాటలో చెప్పాలంటే చేయి తిరిగిన పండితుడు ఫెలోషిప్పుకు పెట్టుకున్న దరఖాస్తు అది.

ప్రభుత్వం ఆ దరఖాస్తును కలకత్తా ఏషియాటిక్ సొసైటీ అభిప్రాయానికి పంపింది. అక్కడి కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్. బ్రాహ్మీ లిపిని విడదీసి అశోకుణ్ణి మనకు చూపించిన మహానుభావుడే. 1836లో సొసైటీవారు చెప్పిన తీర్పు యేమిటంటే – సామగ్రి సేకరించడానికి లక్ష్మయ్య పనికివస్తాడు గాని, దాన్ని జల్లించి చరిత్రగా తీర్చే పని దేశీయుడి వల్ల అయ్యేది కాదు! ఆ పని విలియం టేలర్ అనే మిషనరీకి పోయింది. ఆయన తయారుచేసిన పెద్ద పట్టిక 1857 మొదలు 1862 దాకా మూడు సంపుటాలుగా అచ్చయింది. లక్ష్మయ్య రాయదలచిన పుస్తకం మాత్రం రాలేదు.

"పోగు పట్టనిచ్చినారు, చీరె నేయనియ్యలేదు" అనేవాడు మా మామ.

మెలన్ గారి ధర్మం

ఇప్పుడు లండను సంగతికి వస్తాను.

పాల్ మెలన్ అని అమెరికాలో వొక కోటీశ్వరుడుండేవాడు. 1907లో పుట్టాడు. తండ్రి ఆండ్రూ మెలన్ ఆ దేశానికి ఖజానా మంత్రిగా చేసినవాడు, వాషింగ్టన్‌లో జాతీయ చిత్రశాలకు మూలపురుషుడు. తల్లి ఇంగ్లండు మనిషి. కొడుక్కు చిన్నప్పటినుంచీ ఇంగ్లండు పచ్చికబయళ్ళన్నా గుర్రాలన్నా పిచ్చి. 1971లో ఆయన గుర్రం మిల్ రీఫ్ ఇంగ్లండు డెర్బీయే గెలిచింది! ఆయన కొన్న మొదటి ఇంగ్లీషు పటం కూడా గుర్రం బొమ్మే. జార్జి స్టబ్స్ వేసినది, 1936లో కొన్నాడు. ఆ రోజుల్లో షావుకార్లంతా ఫ్రెంచి పటాల వెంట పడుతుంటే ఈయన ఇంగ్లీషు పటాలు కొంటూ పోయాడు. 1966లో ఆ సేకరణను తాను చదివిన యేల్ విశ్వవిద్యాలయానికి ఇస్తానన్నాడు. అందుకు భవనం గీసినవాడు లూయీ కాన్ – మన అహమ్మదాబాదు మేనేజిమెంటు విద్యాలయం గీసిన ఆయనే. ఆ భవనం 1977లో తెరిచారు. బ్రిటన్ బయట బ్రిటిషు కళకు అంతటి సేకరణ మరొకటి లేదంటారు.

పటాలు పోగేస్తే చాలదు, వాటిగురించి తెలిసినవాళ్ళు రాయాలి అని ఆయన గ్రహించాడు. అలా 1970లో లండనులో పాల్ మెలన్ సెంటర్ వెలిసింది. అది పుస్తకాలు వేస్తుంది, గ్రంథాలయం నడుపుతుంది. ఫెలోషిప్పులిస్తుంది. పరిశోధక విద్యార్థులకు వొక రకం, పట్టా పుచ్చుకున్న కొత్తవాళ్ళకు వొక రకం, వృత్తి నడుమన వున్నవాళ్ళకు వొక రకం. అన్నిటికీ పైన సీనియర్ ఫెలోషిప్పు. పేరు గడించిన పండితుడు, యేళ్ళ తరబడి చేసిన పరిశోధనను పుస్తకంగా ముగించడానికి ఇచ్చేది. యేల్ సెంటరు కూడా తన దగ్గరి పటాలు చూసుకునేందుకు పండితులను పిలిచి కొంతకాలం అక్కడ వుంచుకుంటుంది. నియమాలు యేటేటా కొంచెం మారుతూ వుంటాయి కాని పద్ధతి ఇదీ.

దరఖాస్తులో యేం రాయాలి? పుస్తకం దేనిమీద, అధ్యాయాలెన్ని, యెంతవరకు అయింది, యే దస్త్రాలు యింకా చూడాలి, యే నెలలో యేం ముగిస్తావు – ఇవన్నీ రాయాలి. ఆ విద్య తెలిసిన పెద్దలు నీకోసం ఉత్తరాలివ్వాలి. తర్వాత పండితుల సంఘం కూర్చుని యెంచుతుంది.

చేయి తిరిగినవాడికి యెందుకు?

"పెద్ద ప్రొఫెసరుకు జీతం వుండనే వుంటుంది. మళ్ళీ ఈ దానమెందుకు సారూ? పిల్లలకిస్తే పుణ్యం గదా" అన్నాడు మగ్గం పెద్దాయన. మొదట నాకూ ఆ సందేహమే వుండేది.

నేను ఆయన్నే వొక మాటడిగాను. "కొత్త నమూనా దించాలంటే మీరు యెన్నాళ్ళు మగ్గం ఆపాలి?"

"పది పదిహేను దినాలైనా పోతాది. పోగులన్నీ మళ్ళా యెత్తి కట్టాల. ఆ దినాలు కూలి రాదు."

"అప్పుడు ఇల్లు?"

ఆయన నవ్వి, "అందుకే గదా సారూ, పాత నమూనానే నేస్తావుంటిమి" అన్నాడు.

ఇంతకంటె బాగా చెప్పలేను. పేరున్న ప్రొఫెసరుకు పాఠాలు, పరీక్ష కాగితాలు, కమిటీలు, శాఖాధ్యక్ష పదవి. తెలిసినదంతా తలలో వుంటుంది, రాసే పూట వుండదు. ఈ ఫెలోషిప్పు ఆ పూటను కొనిస్తుంది. ఆయన బదులు పాఠం చెప్పే మనిషికి జీతం దొరికితే ఆయన కాగితాలు ముందేసుకుని కూర్చుంటాడు. కుర్రవాడికి ఇచ్చే ధనం విత్తనం ఖర్చయితే, ఇది కోతకూలి. పంట పండి చేనులో నిలబడివుంది. కోసేవాళ్ళు లేక రాలిపోకుండా చూడడం.

ఇందులో మనకూ లాభముంది. కంపెనీ కాలపు బ్రిటిషు పటాలను మన భాషలు తెలిసినవారు చదివితే కథ మారుతుంది. యేల్ సెంటరులో 2011లో జరిగిన వొక ప్రదర్శనలో, పూనాలో దొరలకోసం యెల్లోరా గుహలు గీసిన గంగారాం తంబట్ అనే మరాఠీ చిత్రకారుడి బొమ్మలను ముందుకు తెచ్చి పెట్టారు. మెకంజీ గీయించిన బొమ్మలమీద బ్రిటిష్ లైబ్రరీలో పనిచేసిన జెన్నిఫర్ హౌస్ 2010లో పుస్తకం ప్రకటించారు. కావలివారిని దొరకు గుమాస్తాలుగా గాక చరిత్రకారులుగా నిలబెడుతూ మంతెన రామసుందరి అమెరికాలో వుండి 2012లో పుస్తకం వెలువరించారు. లక్ష్మయ్యకు 1836లో దక్కని మాట 176 యేళ్ళకు దక్కిందన్నమాట.

మనవైపు యేముంది?

బొత్తిగా లేదనను. సిమ్లాలో 1965లో తెరిచిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీ ఇలాంటిదే. దేశం నలుమూలలనుంచి పండితులను పిలిచి, గదీ గ్రంథాలయమూ భృతీ ఇచ్చి రాసుకోమంటుంది. అది వున్నది ఒకనాటి వైస్రాయి మేడలో. ఆ మేడ 1888లో పూర్తయింది. గీసినవాడు హెన్రీ ఇర్విన్. మద్రాసు కన్నెమరా గ్రంథాలయం గీసినదీ ఆయనే. మా మామ వేసవి సెలవుల్లో రైలెక్కి వెళ్ళి కూర్చున్నది అక్కడే. మ్యూజియముల సేకరణలమీద పనిచేసేవారికి కేంద్ర సాంస్కృతిక శాఖ టాగూరు పేర ఫెలోషిప్పులు పెట్టింది.

కాని మన రెండు రాష్ట్రాల్లో వున్న బ్రిటిషు కళమీద యెవరైనా కూర్చుని రాశారా? హైదరాబాదు సాలార్‌జంగు మ్యూజియంలో ఇంగ్లీషు పటాలున్నాయి. రాజమండ్రిలో ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలుగా 1909 మొదలు 1919 దాకా వున్న ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయంగా చిత్రకారుడు. దామెర్ల రామారావుకూ అడివి బాపిరాజుకూ కుంచె పట్టించిన గురువు. రామారావును బొంబాయి చిత్రకళాశాలకు పంపడంలో ఆయన చెయ్యి వుంది. దామెర్ల 28వ యేటనే 1925లో పోయాడు. దొర తన స్వస్థలమైన ఆబింగ్డన్‌లో 1958 దాకా బతికాడు. రాజమండ్రిలో ఆయన పేరు చెబితే యెవరైనా నమస్కారం పెడతారు. ఇంగ్లండు కళాచరిత్రల్లో ఆయన కోసం వెతకాలి. అటు ఆబింగ్డన్, ఇటు గోదావరి రెండూ తెలిసినవాడు రాయవలసిన పుస్తకం అది. యే ఫెలోషిప్పుకైనా తగిన విషయం.

తుంగభద్ర వచ్చిన రోజు

2002లో మా మామ రిటైరయ్యాడు. మరుసటేడు మద్రాసులో యేదో ఇంగ్లీషు పత్రికలో లండను ఫెలోషిప్పు ప్రకటన చూసి, కాగితంమీద రాసుకుని నా దగ్గరికి తెచ్చాడు.

"పెట్టు మామా" అన్నాను.

"నేనేం పండితుణ్ణిరా? అచ్చయిన పుస్తకం వొక్కటుందా? యెవురి ఉత్తరం పెట్టాల? నువ్వు సెలవుల్లో వచ్చి ఈ నోటుబుక్కులు ఇంగ్లీషులో టైపు చేసియ్యి. ముందర అది కానీ."

మంచి మాట. నేను సరేనన్నాను. ఆ యేడు పరీక్ష పేపర్లు దిద్దే పని వచ్చింది. పై యేడు మా అమ్మాయి పెళ్ళి. ఆ పై యేడు ఆయన కూతురి పెళ్ళి. మూడుసార్లు అడిగాడు. నాలుగోసారి అడగలేదు. అప్పటికి నా దగ్గర వున్నది, పాఠం కోసమని తెచ్చుకున్న మూడో నంబరు నోటుబుక్కు వొక్కటే.

2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగింది. కర్నూలు మునిగిన సంగతి లోకమంతా చూసింది. సుంకేసుల ఆనకట్ట పక్కనే వున్న రాజోలి సంగతి చూసినవారు తక్కువ. మగ్గం గుంతల్లో నీళ్ళు నిండాయి. పడుగులు, పట్టు, జరీ, నేసి మడిచిన చీరెలు అన్నీ పోయాయి. మట్టి గోడలు కూలాయి. మావాళ్ళు ప్రాణాలు దక్కించుకుని మెరకకు చేరారు. నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే ట్రంకుపెట్టె వున్నచోటనే వుంది. మూత తెరిస్తే పదహారు నోటుబుక్కులూ వొకే ముద్ద. సిరా అంతా కలిసి వూదారంగు బురద. గళ్ళ కాగితాలమీది అంచు నమూనాలూ అంతే.

మామ యేడవలేదు. నన్ను వొక్క మాట అనలేదు. అది నాకు మరీ కష్టమైంది. 2011లో పోయాడు. అదే 2009లో, మద్రాసులోని ఆనాటి పండితుల మీద థామస్ ట్రౌట్‌మన్ సంపాదకత్వాన పెద్ద గ్రంథమొకటి వెలువడింది. ఆయన చూడలేదు.

ఆ పదహారు పుస్తకాల్లో యెంత గట్టి సరుకుందో, యెంత పొల్లుందో ఇక తేలదు. జల్లించడానికే గదా తీరిక కావలసింది! లక్ష్మయ్యకు యోగ్యత లేదని ఇతరులు తీర్పు చెప్పారు. మా మామ విషయంలో యెవరూ ఆ మాట అనలేదు; నాలాంటి వాళ్ళం రేపు చూద్దామన్నాం. ఫలితం వొక్కటే అయింది.

నేను రిటైరైన చరిత్ర లెక్చరర్ని. నన్ను యెవరూ పెద్ద పండితుడనరు, లండను దరఖాస్తు పెట్టే కోవలోకి నేను రాను. కాని మన విశ్వవిద్యాలయాలు యేటా వొక్కరికి, వొక్క యేడాదిపాటు, తలలో పుస్తకం వుండి చేతిలో పూటలేని వొక పెద్దమనిషికి ఆ పూట కొనిపెట్టలేవా? ఆ మనిషి ప్రొఫెసరే కానక్కరలేదనే నిబంధన కూడా పెడితే మరీ మంచిది.

అంతవరకూ మనం చేయగలిగింది చిన్నది. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇలాంటి ట్రంకుపెట్టె వుంటే ఈ వారంలోనే తెరిపించండి. ఫోనుతోనైనా పుట పుటకూ ఫొటో తీసి రెండుచోట్ల దాచండి.

మూడో నంబరు నోటుబుక్కు నేనిప్పుడు శుభ్రంగా రాస్తున్నాను. రోజుకు నాలుగు పుటలు. మొదటి పుటలో హిక్కీ పటం గీతల్లో దించి, నలుగురికీ అంకెలు వేశాడు మామ. వొకటో అంకెకెదురుగా మెకంజీ పేరుంది. రెండుకు ధర్మయ్య, మూడుకు కిష్ణాజీ. నాలుగుకెదురుగా లక్ష్మయ్య అని రాసి, పక్కన పెన్సిలుతో "రుజువు?" అని పెట్టాడు. ఆ ప్రశ్న తుడపకుండా అలాగే యెత్తి రాశాను.